గుమాస్తా పట్టిన పురుగులు

పశువుల ఆసుపత్రిలో పరీక్ష గది. ఇనుప బల్ల మీద ముసలి కుక్క. దాని మెడ మీద చెయ్యేసి నిలబడ్డ పాలాయన. ఎదురుగా డాక్టరమ్మ. సాయంత్రం నాలుగు కావస్తోంది.

"...ఒకటి, గోళ్ళు కత్తిరించాలి. రెండు, చెవుల్లో పిడుదులు తీయించాలి. మూడు, ముందు కాళ్ళ వాపు చూపించాలి. నాలుగు, దగ్గుకి మందు. ఐదు, చొంగ ఎందుకు కారుస్తున్నాడో అడగాలి. ఆరు, తిన్నది తిన్నట్టే బయటికి వచ్చేస్తోంది, అది ఆపించాలి. ఏడు... ఏడోది మా ఇంటి పనిలెండి. మీకక్కర్లేదు."

"బాబాయ్, ఆ చీటీ పక్కన పెట్టండి."

"పెడతానమ్మా. ముందు గోళ్ళయితే..."

"గోళ్ళ సంగతి తర్వాత."

"మా అమ్మ అంతేనమ్మా. చిన్న పనితో మొదలెడుతుంది, అసలుది చివర్న చెబుతుంది. చిన్నప్పుడు నన్ను బజారుకి పంపినా ఇదే వరస. నేను సరిగ్గా ఆ చివరిదే మర్చిపోయి వచ్చేవాణ్ణి. ఇప్పుడు మంచం మీంచి తను చెబుతుంటే మా అమ్మాయి రాసింది. చివర మడతపెట్టి పిన్ను కూడా కొట్టించింది చూడండి."

"పిన్నెందుకు?"

"డాక్టరమ్మ చేతే విప్పించాలట. నాకు సిగ్గు రావాలని. అందులో ఏముందో నాకు తెలీదా! రెండేళ్ళుగా ప్రతి చీటీలోనూ ఉండేదే."

"బాబాయ్, ఇటు చూడండి. ఈ ఎక్స్‌రే..."

"చూస్తూనే ఉన్నానమ్మా."

"మీరు చీటీ చూస్తున్నారు."

"ఊఁ. చెప్పండి."

"నిన్న పెద్దాసుపత్రిలో గొంతులోంచి గొట్టం వేసి చూశారు కదా. పొద్దున రిపోర్టు వచ్చింది. వాళ్ళతో ఫోన్లో కూడా మాట్లాడాను."

"వాళ్ళు నాకేం చెప్పలేదు. మీ డాక్టరమ్మే చెబుతుందిలే అన్నారు. అప్పుడే అనుకున్నా."

"ఏమనుకున్నారు?"

"మంచి మాటైతే ఎవరైనా చెప్పేస్తారు కదమ్మా."

"ఇది వెన్నెముక. ఇది గుండె. ఈ రెంటి మధ్య నుంచి తిండి గొట్టం కడుపులోకి దిగాలి. ఇక్కడ తెల్లగా ఉంది చూశారా?"

"కోడి ఎముక ఇరుక్కుందేమో అనుకున్నా. పట్టుకుని లాగేస్తే వచ్చేస్తుందేమో అని..."

"ఎముక కాదు. గడ్డ. పిడికిలంత ఉంది."

"మీ పిడికిలా, నా పిడికిలా?"

"మీదే."

"కోసి తీసెయ్యలేరా?"

"గుండె పక్కన. పెద్ద రక్తనాళానికి ఆనుకుని ఉంది. వాళ్ళే చెయ్యలేమన్నారు. క్యాన్సర్ బాబాయ్."

"కుక్కకి క్యాన్సరేంటమ్మా! బీడీ లేదు, సారా లేదు. నాకు రావాల్సింది వీడికొచ్చిందా?"

"వీడికి లోపల ఒక పురుగు పడింది. ఎర్రగా, సన్నగా, మెలికలు తిరిగి ఉంటుంది. తిండి గొట్టం గోడలో గూడు కట్టుకుంటుంది. ఏళ్ళ తరబడి అక్కడే ఉంటే ఒక్కోసారి ఆ గూడే ఇలా మారిపోతుంది. కాళ్ళ వాపు దెబ్బ తగిలి కాదు, ఛాతీలో గడ్డ ఉంటే కాళ్ళ ఎముకలు అలా ఉబ్బుతాయి. దగ్గు, చొంగ, తిన్నది బయటికి రావడం..."

"అంటే మూడు, నాలుగు, ఐదు, ఆరు..."

"అన్నీ ఒకటే."

"మా అమ్మ వేరు వేరుగా రాయించింది."

"తెలుసు బాబాయ్."

"పురుగుల మాత్ర వేశానే! మీరు చెప్పినట్టే మూణ్నెల్లకోసారి. క్యాలెండర్ మీద సున్నా చుట్టి మరీ వేశా. నేను మర్చిపోయినా మా అమ్మాయి మర్చిపోదు. ఒక్కటి తప్పలేదమ్మా."

"ఆ మాత్ర పేగుల్లో ఉండే పురుగులకి. ఇది పేగుల్లో ఉండదు. దీనికి వేరే ఇంజెక్షన్ ఉంది. మొదట్లో తెలిస్తే పనిచేస్తుంది."

"మరి అప్పుడు చెప్పలేదేం?"

"నేను అడగలేదు."

"నన్నడగడమేంటి? నేనేం చదివాను?"

"మిమ్మల్ని ఒక్క మాట అడగాల్సింది, అడగలేదు. ఇప్పుడడుగుతున్నా. వీడు పేడపురుగులు తింటాడా?"

"...ఏ పురుగులు?"

"పేడని ఉండ చేసి దొర్లించుకుపోతాయే, అవి. నల్లగా, గట్టిగా. పొద్దుగూకే వేళ ఎగురుకుంటూ వచ్చి లైటుకి కొట్టుకుంటాయి."

"ఎందుకడుగుతున్నారు?"

"తింటాడా?"

"ఏ కుక్కైనా ఎప్పుడో ఒకప్పుడు..."

"బాబాయ్."

"తింటాడు."

"ఎప్పుడైనానా?"

"రోజూ."

"రోజూనా?"

"అది వాడి డ్యూటీ అమ్మా. వాటికీ ఈ జబ్బుకీ ఏంటి సంబంధం?"

"జబ్బున్న వీధికుక్క మలంలో ఈ పురుగు గుడ్లుంటాయి. పేడపురుగు ఆ మలం తింటుంది. ఆ పేడపురుగుని వీడు తింటే..."

"చాలు. ఆగండి. చాలు."

"నీళ్ళు తాగుతారా?"

"వద్దు. మా ఇంటికి వచ్చారు కదమ్మా మీరు. గొడ్ల పాక పక్క గది గుర్తుందా? ఒకటే కిటికీ, అదీ పాకవైపు."

"మీ అమ్మగారి గది."

"నాలుగేళ్ళ కింద ఆవిడకి పక్షవాతం వచ్చింది. ఒక పక్క మొత్తం పడిపోయింది. మాట కూడా ముద్దగా ఉండేది మొదట్లో. ఒకరోజు సాయంత్రం నేను పాలు పితుకుతున్నా. లైటుకి వచ్చిన పేడపురుగు ఒకటి ఆవిడ మీద పడింది. పాకుకుంటూ పాకుకుంటూ చెవిలో దూరింది. చెయ్యి లేవదు. అరుద్దామంటే నోరు వంకర. నాలుగు గేదెలు పితికి లేచేదాకా అలాగే పడి ఉందమ్మా. నేను వెళ్ళేసరికి దిండంతా తడి."

"అప్పుడు వీడెక్కడ, మీ గుమాస్తా?"

"వీడప్పటికి పాకలో పాల క్యాన్ల దగ్గర. బండెక్కే ప్రతి క్యానూ వాసన చూసి పంపేవాడు, అందుకే గదా ఆ పేరు. మర్నాటి నుంచి సాయంత్రమైతే చాలు, పని మానేసి మంచం దగ్గర కూర్చునేవాడు. ఎవరూ చెప్పలేదు. ఆవిడ 'గుమాస్తా, వచ్చిందిరా' అనడం, వీడు గాల్లోకి ఎగిరి టక్కున పట్టడం. నమలడం కూడా లేదు, గుటుక్కున మింగడమే. ఊళ్ళోవాళ్ళు చూడ్డానికి వచ్చేవాళ్ళమ్మా. మా బావమరిదైతే ఈల వేసేవాడు."

"నేనూ చూశాను."

"మీరా?"

"పోయినేడు మీ గేదెలకి టీకాలు వెయ్యడానికి వచ్చినప్పుడు. వీడు ఎగిరి ఏదో పట్టాడు. భలే పట్టాడే అని నవ్వాను కూడా. మా నాన్న ఇంకొకళ్ళ పాకలో పేడ ఎత్తి నన్ను చదివించాడు బాబాయ్. ఆ పురుగులకి దారం కట్టి ఆడుకున్నదాన్ని. ఈ జబ్బు మీద పరీక్షలో రెండు పేజీలు రాశాను, మార్కులు కూడా బాగా వచ్చాయి. కళ్ళ ముందు వీడు మింగుతుంటే నవ్వి వచ్చేశాను."

"మీరు ఒక్కసారి చూశారు. నేను రోజూ చూశాను."

"మీకు తెలీదు కదా."

"జబ్బు తెలీదు. జాలీ తెలుసు."

"ఏ జాలీ?"

"కిటికీకి. ఏడోది అదేనమ్మా. పురుగులు రాకుండా కిటికీకి తీగ జాలీ బిగించాలి. ఎప్పుడో కొన్నాను కూడా. చుట్టలా అటక మీద ఉంది. నాలుగు చెక్కముక్కలు, పాతిక మేకులు. అరగంట పని. ఆవిడ అడిగినప్పుడల్లా రేపు అంటాను. మేకులు లేవంటాను, సుత్తి ఎవరో పట్టుకుపోయారంటాను. అసలు సంగతేంటంటే, గుమాస్తా ఉన్నాడుగా అనుకున్నా. ఒక్క పురుగు కూడా ఆవిడ మీద వాలనివ్వడం లేదు, ఇంక జాలీ ఎందుకు?"

"బాబాయ్..."

"అంత బాగా పనిచెయ్యకపోతే ఏనాడో బిగించేవాణ్ణి."

"అలా లెక్కలు వెయ్యకండి."

"ఒక్క సాయం చెయ్యండమ్మా. మీకు దణ్ణం పెడతాను. పురుగుల వల్ల అని మా అమ్మకి తెలియనివ్వకండి. తన కోసమే వీడు తిన్నాడని తెలిస్తే ఆవిడ అన్నం ముట్టదు. ఇప్పటికే సరిగ్గా లేదు. ఆర్నెల్లుగా కళ్ళు మంటంటూ దీపాలు పెట్టే వేళకే లైటు తీసెయ్యమంటోంది. చీకటంటే భయపడే మనిషి, ఇప్పుడు చీకట్లోనే పడుకుంటోంది. వయసు మీద పడితే అంతేనేమో. ముసలితనం వల్ల గడ్డ లేచిందని చెప్పండి. చాలు."

"నేను అబద్ధం చెప్పలేను బాబాయ్."

"అబద్ధం కాదమ్మా, సగం చెప్పండి."

"ఆవిడ అడిగితే చెబుతాను. అడగకపోతే చెప్పను."

"ఎలా అడుగుతుంది? ఆవిడకేం తెలుసు?... వీడికింకా ఎన్నాళ్ళుంది?"

"నిన్నటి నుంచి నీళ్ళు కూడా దిగడం లేదు. మూడు నాలుగు రోజులు."

"ఆకలేస్తుందా వీడికి?"

"వేస్తుంది. అదే బాధ."

"ఇంజెక్షన్ అన్నారుగా, ఆ పురుగుకి. అది ఇప్పుడు వేసినా..."

"పురుగు చస్తుంది. గడ్డ పోదు. ఇప్పుడు నా దగ్గర ఉన్నది వేరే ఇంజెక్షన్."

"నిద్రపోయేదా?"

"అవును."

"ఒక్క సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళనా? ఆవిడ ఒకసారి చూసుకుంటుంది. రేపు పొద్దున్నే తెస్తాను, ఒట్టు."

"సాయంత్రమే వద్దంటున్నాను బాబాయ్. పురుగులొచ్చే వేళ. కనిపిస్తే ఈ కాళ్ళతోనే లేస్తాడు."

"లేస్తాడు. నిజమే. లేస్తాడు."

"మీ ఫోన్ మోగుతోంది."

"అమ్మే. ఇప్పుడేం చెప్పను? మీరు మాట్లాడరా? వద్దు, వద్దు, నేనే... ఆఁ, అమ్మా!"

"ఏరా, ఇంతసేపేంటి? నా గుమాస్తా ఏడీ?"

"ఇక్కడే ఉన్నాడమ్మా. డాక్టరమ్మ చూస్తున్నారు. స్పీకర్‌లో పెట్టాను, గట్టిగా మాట్లాడు."

"ఏమన్నారు?"

"ఏముంది, వాంతులకి మందిచ్చారు. వయసు కదా."

"చీటీ మొత్తం చూపించావా?"

"చూపించా."

"ఏడోది?"

"ఆఁ, అదీ చూపించా."

"పిన్ను తీశారా?"

"తీశారమ్మా. చదివారు."

"చదివి ఏమన్నారు?"

"బిగించమన్నారు."

"...బిగించమన్నారా?"

"ఊఁ. గట్టిగా చెప్పారు. ఇవాళే బిగిస్తాను."

"సరేలే. ఒరేయ్, ఫోన్ వాడి చెవి దగ్గర పెట్టు."

"పెట్టాను. మాట్లాడు."

"గుమాస్తా! నేన్రా. విన్నావా? తోకాడించాడా వాడు?"

"ఆడించాడమ్మా. నీ గొంతు వినగానే."

"గుమాస్తా, ఇవాళ పురుగుల్లేవురా. ఒక్కటి కూడా రాలేదు. నీకు పని లేదు. పడుకో నాన్నా, పడుకో... ఒరేయ్, వాడు ఇబ్బంది పడుతుంటే బండిలో కుదుపుకుంటూ తీసుకురాకు. డాక్టరమ్మ ఎలా చెబితే అలా చెయ్యి. ఉంటాను."

"అమ్మా... పెట్టేసింది."

"బాబాయ్, ఆవిడకి..."

"చూశారా, ఏమీ తెలీదు పాపం. పని లేదు, పడుకోమంటోంది. సరే అమ్మా. మీ పని మీరు చెయ్యండి."

"కాగితం మీద సంతకం కావాలి."

"ఎక్కడ?"

"ఇక్కడ. పేరు దగ్గర కుక్క అని రాయమంటారా, గుమాస్తా అనా?"

"కుక్క అని రాయకండమ్మా."

"రాయను. కొంచెం పట్టుకోండి. ఈ కాలు కాదు, వాపుంది. వెనక కాలు."

"నొప్పి పుడుతుందా?"

"సూది గుచ్చినంతే. మాట్లాడుతూ ఉండండి వాడితో."

"ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి. మీ గొంతు వినపడితే చాలు."

"గుమాస్తా... ఒరేయ్ గుమాస్తా. క్యాన్లన్నీ వచ్చేశాయిరా. అన్నీ వాసన చూశావుగా? ఏ పాలూ విరగలేదుగా? ఇంక బండి పంపించెయ్. పంపించెయ్యరా. పాలు బాగానే ఉన్నాయి. అన్నీ బాగానే... అమ్మా, కళ్ళు మూసుకోలేదేం?"

"అందరూ మూసుకోరు."

"అయిపోయిందా?"

"అయిపోయింది బాబాయ్."

"ఇంత తొందరగానా?"

"ఇంతే."

"ఇప్పుడు గోళ్ళు కత్తిరించండమ్మా."

"బాబాయ్, ఇప్పుడు..."

"చీటీలో ఒకటోది అదే కదా. ఇంటికెళ్ళి చీటీలో ఒక్క పనైనా అయిందని చెప్పాలి కదమ్మా. ఆవిడ మొదట అదే అడుగుతుంది. నేల మీద టకటకమంటూ నడుస్తున్నాడు, జారి పడతాడు అని వారం నుంచి చెబుతోంది."

"సరే. కత్తెర ఆ ట్రేలో ఉంది, ఇటివ్వండి. ఆ కాలు పట్టుకోండి."

"ఇంతింత పెరిగాయి చూడండి. ఎగరకపోతే అరగవు. ఈ మధ్య ఎగరడం తగ్గించాడు. నేను బద్ధకం అనుకున్నా."

"రెండో కాలు."

"మెల్లగా అమ్మా. రక్తం వస్తుందేమో."

"రాదు బాబాయ్."

"అవున్లెండి. ఇంక రాదు."

"అయింది. చెవుల్లో పిడుదులు కూడా తీసేస్తున్నా. మూడున్నాయి. ఇదిగో."

"అంటే ఒకటీ రెండూ అయ్యాయి. మూడు నుంచి ఆరు దాకా మీరే చెప్పారు, అన్నీ ఒకటేనని. అవీ అయిపోయినట్టే. ఇంక ఏడోది. ఇందాక ఫోన్లో మీరు చదివారని చెప్పేశాను. ఆ ఒక్క అబద్ధమైనా నిజం చెయ్యండి. ఇదిగో చీటీ. పిన్ను తీసి పైకి చదవండి."

"ఏముందో తెలుసన్నారుగా."

"తెలుసు. రెండేళ్ళు తప్పించుకున్నా. ఇవాళ వీడి ముందు నన్ను విననివ్వండి. ఆవిడ ఎన్ని తిట్లు రాయించిందో అన్నీ చదవండి, ఒక్కటి కూడా వదలకండి."

"సరే... 'ఏడు. ఇది డాక్టరమ్మకి.' బాబాయ్, ఇది నాకు రాసింది."

"మీకే. మీ చేత నన్ను తిట్టించాలని. చదవండమ్మా, మధ్యలో ఆపకండి."

"'డాక్టరమ్మా, గుమాస్తా పురుగు మింగగానే మెడ సాచి గిలగిల్లాడుతున్నాడు. వాణ్ణి పిలవడం మానేసి ఆరు నెలలైంది. పురుగులు రాకుండా లైటు కూడా తీసేయిస్తున్నాను. ఒకటీ అరా వచ్చి మొహం మీద పాకినా నోరెత్తను. అయినా చప్పుడు పసిగట్టి వస్తున్నాడు...'"

"కళ్ళు మంటంది. నాతో కళ్ళు మంటని చెప్పింది."

"ఆపనా బాబాయ్?"

"వద్దు. చదవండి."

"'వాడి రోగం ఆ పురుగుల వల్లేనని నాకు అనుమానం. మీకూ అదే తేలితే మా అబ్బాయికి మాత్రం చెప్పకండి, ముసలితనమని చెప్పండి. జాలీ సంగతి వాడికి గుర్తుచెయ్యకండి. మీరు మటుకు ఇంకో కుక్కని చూసినప్పుడు గుమాస్తాని గుర్తుచేసుకోండి.'"